మాస్లెనిత్స వారం, మొదటి బ్లిన్

ఫిబ్రవరి సగం దాటాక ఏదో ఒక పొద్దున మాస్కో హాస్టళ్ల వంటగదుల్లోంచి పులిసిన పిండి వాసన వచ్చి కారిడార్ అంతా నిండిపోయేది. ఇంటి మీద బెంగ పెట్టుకుని ఉన్న తెలుగు పిల్లలకు ఆ వాసన తగిలితే కాళ్లు వాటంతటవే అటు నడిచేవి. కిటికీ బయట మైనస్ 10 డిగ్రీలు. లోపల గ్యాస్ పొయ్యి మీద జానెడు వెడల్పున్న పోత ఇనుము పెనం. ఉల్లిపాయను సగానికి కోసి, ముళ్ల చెంచాకు గుచ్చి, నూనెలో ముంచి పెనం మీద గుండ్రంగా రుద్దేవాళ్లు. ఆ రుద్దడం ఒక్కటి చూస్తే చాలు, అక్కడ ఏం జరుగుతోందో ఏ తెలుగువాళ్లకీ విడమరిచి చెప్పక్కర్లేదు. అట్లు పోస్తున్నారు.

రష్యన్లు వాటిని బ్లినీ అంటారు, ఒక్కటైతే బ్లిన్. మనకు అట్లతద్ది ఒక్క రోజు. వాళ్లకు చలికాలం చివర వారం పొడవునా అట్ల పండగే. పేరు మాస్లెనిత్స. మాస్లో అంటే వెన్న, కాబట్టి దీన్ని వెన్న వారం అనుకోవచ్చు. విశాలాంధ్ర షాపుల్లో కొన్న మాస్కో తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాళ్లకు రష్యన్ పొయ్యి, సమోవార్, మూడు గుర్రాల స్లెడ్జి బండి చిన్నప్పటి నుంచే తెలుసు. ఈ వారం వంటింటి సంగతులు మాత్రం ఆ వంటింట్లో నిలబడితేనే తెలిసేవి. గుర్తున్నంత వరకూ అవన్నీ ఒకచోట రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు లెక్క చెప్పాలి. ఆర్థడాక్స్ ఈస్టర్‌కు ముందు ఏడు వారాల పెద్ద ఉపవాసం ఉంటుంది. ఆ ఏడు వారాలూ మాంసం, పాలు, వెన్న, గుడ్లు ముట్టరు. మాస్లెనిత్స ఆ ఉపవాసానికి సరిగ్గా ముందు వారం. మాంసం అంతకు ముందు ఆదివారంతోనే ఆగిపోతుంది. పాలు, వెన్న, మీగడ, గుడ్లు, చేపలు మాత్రం ఈ వారం తినొచ్చు. ఇంట్లో ఉన్న వెన్న ఖర్చుపెట్టడానికి మిగిలింది ఏడే రోజులు. అట్టు మీద వెన్న, అట్టు కింద వెన్న, అట్ల మధ్య వెన్న ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఈస్టర్ తేదీ మారుతుంది కాబట్టి ఇదీ ఏటా కదులుతుంది. 2024లో మార్చి 11 నుంచి 17 వరకు వచ్చింది, 2025లో ఫిబ్రవరి 24 నుంచి మార్చి 2 వరకు, 2026లో ఫిబ్రవరి 16 నుంచి 22 వరకు. ముందుగా వచ్చిన ఏడాది గడ్డకట్టే చలిలోనే చలికాలాన్ని సాగనంపుతారు. ఆలస్యంగా వచ్చిన ఏడాది కాలి కింద మంచు బురదై, బూట్లు తడిసిపోతాయి.

సోవియట్ రోజుల్లో చర్చి పండగకు ఆదరణ లేదు. 1960ల నుంచి పార్కుల్లో 'రష్యన్ శీతకాలానికి వీడ్కోలు' అనే పేరుతో జరిపేవాళ్లు. చర్చి లెక్కతో పనిలేకుండా వీలైన ఆదివారం చూసుకుని గడ్డిబొమ్మ, స్లెడ్జి బండ్లు, అకార్డియన్ పాటలు పెట్టేవాళ్లు. పార్కు పండగ తేదీ ప్రభుత్వానిది. వంటింటి పండగ తేదీ మాత్రం అమ్మమ్మలదే, వాళ్లకు వారం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక పిండి సంగతి. అసలు పాత పద్ధతి బ్లినీకి గోధుమపిండి ఒక్కటే సరిపోదు, గ్రెచ్కా పిండి కావాలి. ఉత్తరాదిన నవరాత్రి ఉపవాసాలకు వాడే కుట్టు ఇదే. సోవియట్ షాపుల్లో గ్రెచ్కా గింజలు దొరకడమే గగనం, పిండి ఇంకా కష్టం. దొరికిన గింజల్ని కాఫీ గింజల మరలో వేసి పిండి చేసుకునేవాళ్లు. మరలో ఎంత ఆడినా కొంత బరక మిగులుతుంది. దాన్ని జల్లించకపోతే ఆ బరక పెనానికి అంటుకుని అట్టు చిరుగుతుంది.

జానెడు పెనం మీద 20 నుంచి 25 అట్లు రావాలంటే 200 గ్రాముల గ్రెచ్కా పిండి, 200 గ్రాముల గోధుమపిండి, దాదాపు 850 మిల్లీలీటర్ల పాలు, 3 గుడ్లు, 50 గ్రాముల వెన్న, ఒక పెద్ద చెంచా చక్కెర, ఒక చిన్న చెంచా ఉప్పు కావాలి. ఈస్ట్ అప్పట్లో కాగితంలో చుట్టిన 100 గ్రాముల దిమ్మగా దొరికేది, అందులో నాలుగో వంతు వేసేవాళ్లు. ఇప్పటి పొడి ఈస్ట్ అయితే 8 గ్రాములు చాలు. గోధుమపిండి అన్నాను కానీ మన చపాతీ పిండి కాదు, మైదాకు దగ్గరగా ఉండే తెల్లపిండి. చపాతీ పిండితో చేస్తే తవుడు బరువుకి పొంగు తగ్గుతుంది.

మొదటి మెట్టు ఒపారా, అంటే ఈస్ట్ వేసి ముందుగా పులియబెట్టే పిండి. 400 మిల్లీలీటర్ల పాలు గోరువెచ్చగా చేయాలి. వేలు పెడితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అందులో ఈస్ట్, చక్కెర కరిగించి, గ్రెచ్కా పిండి మొత్తం వేసి కలిపి, గుడ్డ కప్పి వెచ్చని చోట పెట్టాలి. మాస్కోలో ఆ వెచ్చని చోటు కిటికీ కింద వేడినీళ్లు పారే ఇనప రేడియేటర్ పక్కన. దాని మీదే పెడితే గిన్నె అడుగు వేడెక్కి అక్కడి ఈస్ట్ చచ్చిపోతుంది, పైన మాత్రం పొంగుతున్నట్టు కనిపించి మోసం చేస్తుంది. గంటకు పిండి రెట్టింపై, పైన బుడగలు పగిలి, మధ్యలో కొంచెం కుంగడం మొదలవుతుంది. ఆ కుంగడమే గుర్తు. అంతకు ముందు తీస్తే పులుపు చాలదు, ఇంకో రెండు గంటలు మరిచిపోతే సారా వాసన కొడుతుంది.

అప్పుడు గోధుమపిండి, గుడ్లలోని పచ్చసొనలు, కరిగించి ఆరబెట్టిన వెన్న, ఉప్పు, మరో 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు వేసి ఉండలు లేకుండా బాగా గిలకొట్టాలి. ఇంకో గంట పొంగనివ్వాలి. ఆ తర్వాత చేసే పని మన అట్లలో లేనిది. మిగిలిన 350 మిల్లీలీటర్ల పాలు మరిగించి, సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా కలపాలి. మరిగే పాలు తగిలితే పిండిలోని గంజి కొంత అక్కడికక్కడే ఉడికి జిగురు పడుతుంది. గ్రెచ్కాకు గోధుమలాగా సాగే గుణం లేదు, ఆ లోటు ఈ జిగురే తీరుస్తుంది. ఈ మెట్టు వదిలేసినవాళ్ల అట్లే పెనం మీద తిప్పుతుంటే ముక్కలవుతాయి. అలాగని పాలు ఒక్కసారిగా కుమ్మరిస్తే అక్కడ పిండి ముద్దలు కడుతుంది, ఆ ముద్దలు ఇక విడవవు. చివర గుడ్ల తెల్లసొన నురుగొచ్చేలా గిలకొట్టి, గరిటెతో అడుగు నుంచి పైకి మెల్లగా కలిపి, 20 నిమిషాలు వదిలేయాలి.

ఇక్కడి నుంచి పిండిని కలపకూడదు. ఇది అందరూ చేసే తప్పు. పిండి కింద చేరిందేమో అని ఒకసారి గరిటె తిప్పుతారు, లోపల పట్టి ఉన్న గాలంతా పోతుంది. అట్టు మీద చిల్లులు రావు, వెన్న ఇంకదు, నున్నగా తోలు ముక్కలా వస్తుంది. గిన్నె అంచు పక్కనుంచి గరిటె మెల్లగా దించి తీసుకోవడమే పద్ధతి. పిండి చిక్కటి మజ్జిగలా గరిటె మీంచి జారాలి. దోసెపిండంత గట్టిగా ఉంటే కొంచెం వేడిపాలు పోయాలి, నీళ్లు కాదు.

పెనం మీద దోసెకూ దీనికీ తేడా ఒకటుంది. దోసెను గరిటెతో తిప్పి పరుస్తాం. బ్లిన్‌ను గరిటెతో తాకరు. ఎడమ చేత్తో పెనం పైకెత్తి, కుడి చేత్తో పిండి పోస్తూనే పెనాన్ని వాల్చి మణికట్టు తిప్పాలి, పిండి దానంతటదే అంచుల దాకా పాకుతుంది. పోత ఇనుము బరువుకి పదో అట్టు దగ్గర మణికట్టు నొప్పి పుడుతుంది. నిమిషం లోపలే పైభాగం తడి ఆరి చిల్లులు పడతాయి, అంచులు ఎర్రబడి పైకి లేస్తాయి. సన్నటి అట్లకాడతో తిప్పి రెండోవైపు అర నిమిషం ఉంచితే చాలు. దించగానే వెన్న రాయాలి. పల్లెల్లో ఇందుకు బాతు ఈకలు కట్టిన కుంచె ఉండేది. ఒకదాని మీద ఒకటి పేర్చి, తువ్వాలు కప్పి ఉంచితే అంచులు మెత్తబడతాయి.

'మొదటి బ్లిన్ ముద్దే' అని రష్యన్ సామెత. ఏ పనైనా మొదటిసారి చెడితే ఇదే అంటారు. చెడడానికి కారణం మాత్రం స్పష్టంగానే ఉంది. పోత ఇనుము నెమ్మదిగా వేడెక్కుతుంది, మధ్యలో కాలినా అంచులు ఇంకా చల్లగానే ఉంటాయి. నూనె ఇనుములోకి పట్టదు. మంట మధ్యస్థంగా పెట్టి పెనాన్ని ఏడెనిమిది నిమిషాలు కాగనిచ్చి, నీటిచుక్క వేస్తే గంతులేసేదాకా ఆగితే మొదటి బ్లిన్ కూడా బాగానే లేస్తుంది. మంచి ఇళ్లలో బ్లినీ పెనం వేరుగా ఉంటుంది. దాని మీద ఇంకేమీ వేయించరు, సబ్బు తాకనివ్వరు. అంటుకోవడం మొదలైతే రాళ్ల ఉప్పు వేసి మాడేదాకా కాల్చి, గుడ్డతో తుడిచి, నూనె పట్టిస్తారు. మన అమ్మమ్మలు అట్ల పెనాన్ని కాపాడుకునే తీరూ దాదాపు ఇంతే.

మీద వేసుకోవడానికి స్మెతానా అనే పుల్లటి మీగడ, తేనె, పండ్ల జామ్, ఉప్పు చేప, ఎర్రటి సాల్మన్ చేపగుడ్లు. ప్రిప్యోక్ అని ఇంకో రకం ఉంది. పెనం మీద వేయించిన ఉల్లి ముక్కలో, తరిగిన ఉడికించిన గుడ్డో చల్లి దాని మీద పిండి పోస్తారు. అచ్చంగా ఉల్లి అట్టే. హాస్టళ్లలో అందరికీ అందేది మాత్రం నీలం తెలుపు డబ్బాలోని చిక్కటి తీపి పాలు. ఆ డబ్బాను మూత తీయకుండా నీళ్లలో రెండు మూడు గంటలు ఉడికిస్తే లోపల పాలు గోధుమరంగు తిరిగి కోవాలా అవుతాయి. డబ్బా ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. కబుర్లలో పడి నీళ్లు ఇగిరిపోతే డబ్బా పేలి, ఆ పాకం వంటగది పైకప్పుకు అంటుకునేది. చాలా హాస్టళ్ల పైకప్పుల మీద ఆ మచ్చలు ఉండేవి.

గుండ్రటి బ్లిన్ సూర్యుడికి గుర్తు అని ఇప్పుడు అందరూ రాస్తారు. నాకు అది అంతగా నమ్మబుద్ధి కాదు. చావు భోజనాల్లో కూడా రష్యన్లకు బ్లినీ తప్పనిసరి. మాస్లెనిత్సలో మొదటి బ్లిన్ పోయినవాళ్ల పేరున బీదవాళ్లకు ఇచ్చేవాళ్లు, అటక కిటికీలో పెట్టేవాళ్లు. మన పితృకార్యాల్లో పిండానికి ఉన్న చోటే ఇక్కడ బ్లిన్‌కు ఉందని నాకు అనిపిస్తుంది. మొదటి ఒపారాను రాత్రిపూట బావి దగ్గరో చెరువు దగ్గరో మంచుతో కలిపి, వచ్చి పిండి మీద ఊదమని చంద్రుణ్ణి పిలిచే ఆచారం కూడా పందొమ్మిదో శతాబ్దంలో రాసుకున్నారు. ఆ పని ఇంటి ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా చేయాలి.

వారంలో ప్రతి రోజుకీ ఒక పేరుంది. సోమవారం ఎదురుకోలు, మంగళవారం ఆటలు. బుధవారం అత్తగారు అల్లుణ్ణి అట్లకు పిలుస్తుంది. శుక్రవారం అదే అత్తగారిని అల్లుడు తన ఇంటికి పిలవాలి. ఇందులో ఒక చక్కటి మెలిక ఉంది. పిలిచేది అల్లుడే, కానీ ముందురోజు సాయంత్రమే పెనాలు, గరిటె, పొయ్యి మీద పెట్టే ఇనప కాళ్ల పీట, చివరికి ఒపారా కలిపే చెక్క తొట్టి కూడా అత్తగారే పంపాలి. గ్రెచ్కా పిండి బస్తా, వెన్న మామగారివి. అల్లుడు పిలవకపోతే అది రెండు కుటుంబాల మధ్య తీరని మాటగా మిగిలేది. శనివారం కొత్త కోడలు ఆడపడుచుల్ని పిలిచి కానుకలిస్తుంది. భర్త అక్కచెల్లెళ్లకు రష్యన్‌లో జలోవ్కా అనే ప్రత్యేకమైన మాట ఉంది, మనకు ఆడపడుచు ఉన్నట్టే. భార్య తల్లి త్యోషా, భర్త తల్లి స్విక్రోవ్. మనం ఇద్దరినీ అత్తగారనే అంటాం, ఈ ఒక్కచోట వాళ్ల లెక్క మనకంటే సూక్ష్మం. ఇన్ని వరసలు ఉన్న భాష మాట్లాడేవాళ్లకు ఈ పండగ ఒక్క పూటలో బోధపడుతుంది.

గురువారం నుంచి పెద్ద ఎత్తున ఆటలు. ఊరి పక్క దిబ్బ మీద మంచు జారుడు బల్ల కట్టేవాళ్లు. మంచును తొక్కి గట్టిచేసి, చలి బాగా ఉన్న సాయంత్రం చెంబుతో పలుచగా నీళ్లు చల్లి, ఆ పొర గడ్డకట్టాక ఇంకో పొర. తొందరపడి బకెట్లతో పోస్తే నీళ్లు మంచును కరిగించుకుంటూ లోపలికి పోయి గుంతలు పడతాయి. సైబీరియాలో మంచు కోట కట్టి, దాన్ని గుర్రపు రౌతు బద్దలు కొట్టే ఆట ఉండేది. కాపలా ఉన్నవాళ్లు కొమ్మలు ఊపుతూ, అరుస్తూ గుర్రాన్ని బెదరగొట్టాలి. క్రాస్నొయార్స్క్‌లో పుట్టిన చిత్రకారుడు సూరికొవ్ 1891లో దాన్నే పెద్ద చిత్రంగా గీశాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉంది. గుర్రం గుండె తగిలి మంచు గడ్డలు ఎగిరే క్షణం అది.

ఆదివారం గడ్డిబొమ్మను తగలబెడతారు. చూడ్డానికి తేలికే కానీ బొమ్మ కట్టడంలో పని ఉంది. రెండున్నర మీటర్ల నిలువు కర్ర, మీటరున్నర అడ్డకర్ర. రెండింటినీ మేకులు కొట్టకుండా తాడుతో బిగిస్తే మేలు, బూడిదలో మిగిలిన మేకులు పిల్లల కాళ్లలో దిగుతాయి. గడ్డి వానకూ మంచుకూ తడవకుండా కొట్టంలో దాచినదై ఉండాలి. తడి గడ్డి పొగే తప్ప మండదు. మరీ బిగించి కట్టినా చిక్కే, పైపైన మాడి లోపల మిగిలిపోతుంది. లోపల కర్ర చుట్టూ వదులుగా, పైన కొంచెం బిగువుగా కడితే అడుగు నుంచి గాలి లాక్కుని ఒక్కసారిగా అంటుకుంటుంది. బట్టలు నూలువి కట్టాలి. నైలాన్ గౌను తొడిగితే కరిగి మండుతూ బొట్లు బొట్లుగా కారుతుంది. అన్నిటికంటే పెద్ద పొరపాటు కర్రను మంచులో గుచ్చి వదిలేయడం. మంట వేడికి మొదలు దగ్గర మంచు కరిగి, బొమ్మ సగం కాలేసరికి పక్కకు ఒరిగి పడుతుంది, అదీ గాలి తోసిన వైపే. అందుకే మొదలుకు చెక్క కాళ్లు బిగించి, జనాన్ని గాలి వచ్చే వైపు, దూరంగా నిలబెడతారు.

అన్ని ఊళ్లలోనూ బొమ్మ ఉండేది కాదు. కొన్నిచోట్ల గడ్డిని పీకి పొలాల్లో చల్లేవాళ్లు, కొన్నిచోట్ల ఉత్త భోగిమంటే. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి విరిగిన స్లెడ్జి చెక్కలు, పాత బుట్టలు, అరిగిన నారచెప్పులు, తారు పీపాలు పోగుచేసుకొచ్చేవాళ్లు. భోగికి ముందు మన వీధుల్లో పిల్లలు చేసే పనే.

చుట్టుపక్కల స్లావ్ దేశాల్లో ఇదే పని వేరే దారుల్లో చేస్తారు. పోలండ్‌లో గడ్డిబొమ్మ పేరు మర్జానా, దాన్ని అంటించి నదిలో వదులుతారు. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు. 1420లోనే పోజ్నాన్ చర్చి సభ ఈ ఆచారాన్ని నిషేధించింది, అయినా ఇప్పటికీ మార్చి 21న బడి పిల్లలు చేస్తూనే ఉన్నారు. బల్గేరియా ఆచారం ఒకదానిలో మంటా లేదు, బొమ్మా లేదు. మార్చి 1న ఎర్ర దారం, తెల్ల దారం పేనిన మార్తెనిత్స చేతికి కట్టుకుంటారు, కొంగో వాన కోయిలో కనబడేదాకా, లేదా చెట్టు పూత చూసేదాకా విప్పరు, విప్పి ఆ చెట్టు కొమ్మకే కడతారు. పేనడం ఇద్దరి పని. రెండు దారాలూ కలిపి చెరో కొస పట్టుకుని, ఒకవైపు నుంచి చూస్తే ఎదురెదురు దిక్కులకు తిరిగేలా మెలితిప్పాలి, మధ్యకు మడిచి వదిలితే అదే తిరిగి తాడవుతుంది. అలా చూసినప్పుడు ఇద్దరి మెలికా ఒకే దిక్కుకు తిరుగుతుంటే ఎంతసేపు తిప్పినా వదిలేయగానే విడిపోతుంది.

మళ్లీ రష్యాకు వస్తే, ఆదివారం సాయంత్రం మంట ఆరాక ఊరంతా ఒక్కసారిగా మెత్తబడుతుంది. ఆ రోజు పేరు క్షమాపణ ఆదివారం. పొద్దున సమాధుల దగ్గర బ్లినీ పెట్టి వస్తారు. రాత్రి ఇంట్లో వాళ్లు ఒకరికొకరు వంగి 'నన్ను క్షమించు' అంటారు. 'దేవుడు క్షమిస్తాడు' అని జవాబు. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు చెప్పడమే కాదు, తాతగారు మనవరాలికి కూడా వంగి చెప్పాల్సిందే. తర్వాత మిగిలిన బ్లినీ తినేసి, కొన్నిచోట్ల ఆఖరివి మంటలోనే వేసి, గిన్నెలు కడుక్కుంటారు.

సోమవారం పొద్దున స్నానాల గదిలో పొయ్యి వెలుగుతుంది. పెనాలకు పట్టిన వెన్న జిడ్డు బూడిదతో తోమి తీసేస్తారు. బల్ల మీద నల్లరొట్టె, ముల్లంగి, ఉప్పుకి ఊరిన క్యాబేజీ. వారమంతా అడిగిందే తడవుగా పాలు తాగిన పిల్లలు పాలేవని అడుగుతారు. పాలన్నీ నిన్న మంటలో కాలిపోయాయి అని చెబుతారు పెద్దవాళ్లు.